దేవుని వాగ్దానాన్ని సందేహిస్తే అది మనకు దక్కకుండా పోతుందా?

తల్లి జబ్బు తగ్గకపోవడానికి మీ సందేహమే కారణమని ప్రార్థన గుంపువారు అంటున్నారని, అది నిజమేనా అని మీరు అడిగారు. నిజం కాదు. సందేహానికి ఫలితం ఉంటుందని బైబిలు చెబుతున్న మాట వాస్తవమే గాని, ఎవరి కష్టానికి ఎవరి సందేహం కారణమో తేల్చే అధికారాన్ని అది మనలో ఎవరికీ ఇవ్వలేదు.

ముసలితనంలో కొడుకు పుడతాడని గబ్రియేలు దూత చెప్పిన మాట నమ్మని యాజకుడు జెకర్యా, బిడ్డకు పేరు పెట్టే రోజు దాకా మూగవాడై ఉన్నాడు. అయినా ఆ కొడుకు యోహాను పుట్టుక ఆగలేదు. దేవుడు ఇస్తానన్న కనాను దేశం చేరకముందే తిరగబడిన ఇశ్రాయేలీయుల తరం 40 ఏళ్లలో అరణ్యంలోనే రాలిపోయింది. వాళ్ల పిల్లలు మాత్రం యెహోషువ, కాలేబులతో కలిసి ఆ దేశంలో అడుగుపెట్టారు. ఈ రెండు చోట్లా శిక్షను ప్రకటించినది దేవుడో, ఆయన పంపిన దూతో తప్ప పక్కింటి విశ్వాసి కాదు.

నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం మెట్టుగూడలో మా బాబాయి పోయాక పిన్ని ఇంట్లో జరిగిన ఆదరణ కూడిక. బాబాయి డయాలసిస్ మీద ఉన్న రోజుల్లో, డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పిన్ని తీసిన వాగ్దాన కార్డులో (కొత్త ఏడాదికి దేవుని మాటగా తీసుకునే వచనం అచ్చువేసిన కార్డు) 118వ కీర్తన 17వ వచనం వచ్చింది: “నేను చావను సజీవుడనై యెహోవా క్రియలు వివరించెదను.” గులాబీ బొమ్మ ఉన్న ఆ కార్డును ఆమె బీరువా తలుపు మీద, డయాలసిస్ తేదీలు రాసుకున్న కాగితం పక్కనే అంటించుకుంది. ఎండాకాలంలో బాబాయి పోయారు. కూడికలో ఒక సంఘ పెద్ద అందరూ వింటుండగా, “దేవుడు మాట ఇచ్చాక కూడా నువ్వు ఇంకో డాక్టరు దగ్గరికి పరుగెత్తావమ్మా, అవిశ్వాసం అక్కడే దూరింది” అన్నారు. పిన్ని బదులు చెప్పకుండా, వచ్చినవారు తాగిన టీ గ్లాసులు ఏరుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలాకాలం ఆమె చర్చికి రాలేదు. జబ్బుపడిన హిజ్కియా రాజుకు ఇంకా 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే చెప్పిన తర్వాత కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడన్న సంగతి ఆ పెద్దకు తెలియకుండా ఉంటుందా?

ఆ కార్డుల మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. 118వ కీర్తన ఆపద నుండి బయటపడినవాడు పాడిన కృతజ్ఞతా గీతం. దాన్ని ప్రతి రోగికీ రాసిచ్చిన హామీ పత్రంలా పంచడం అన్యాయం. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావనే యిర్మీయా 29:11 మన ఇళ్లలో ఎన్ని గోడల మీద లేదు! అది బబులోను చెరలో ఉన్నవారికి చెప్పిన మాట; దానికి ముందు వచనంలోనే బబులోనుకు 70 సంవత్సరాలు గడవాలని ఉంది. ఆ మాట అచ్చువేసిన కార్డు నేను ఇంతవరకు చూడలేదు.

సందేహించేవాడు సముద్ర తరంగం వంటివాడని యాకోబు తన పత్రికలో రాసిన మాటను మీకు ఎత్తిచూపుతారు. అక్కడ అతడు అడగమన్నది జ్ఞానాన్ని. రోగి చనిపోతే ఇంటివారి విశ్వాసాన్ని కొలవమని ఎక్కడా అనలేదు. నమ్ముతున్నాను, నా అపనమ్మకం విషయంలో సహాయం చేయమని ఒక్క ఊపిరిలో మొరపెట్టుకున్న తండ్రి కొడుకును యేసు ప్రభువు అప్పటికప్పుడే స్వస్థపరిచాడు. మీ గుంపువారు మళ్లీ ఆ మాట ఎత్తితే యూదా పత్రిక 22వ వచనం వారి చేతనే చదివించండి. సందేహపడేవారి మీద కనికరం చూపమని అందులో ఉంది.