కొలంబియాకు పక్కదారి అనుకుని యూదు అధ్యయనాల్లో చేర్చవచ్చా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాము. సొంత ఊరు ఖమ్మం దగ్గర. మా అమ్మాయి పదకొండో తరగతి. లెక్కల్లో దిట్ట. పన్నెండో శతాబ్దంలో మంగళూరులో ఉన్న ఒక యూదు వర్తకుడి ఉత్తరాల మీద పాఠశాలలో ప్రాజెక్టు చేసింది. అప్పటి నుంచి హీబ్రూ నేర్చుకుంటాను, న్యూయార్క్‌లోని యూదు అధ్యయనాల కళాశాలలోనే డిగ్రీ చేస్తాను అంటోంది. మేము కంప్యూటర్ సైన్స్ అనుకున్నాము. ‘అక్కడ చేరితే కొలంబియా విశ్వవిద్యాలయం డిగ్రీ కూడా చేతికొస్తుంది, అంత సులువైన దారి మరొకటి లేదు’ అని ఒక మిత్రుడు అంటున్నారు. ఆ చదువుకు ఉద్యోగం ఉంటుందా? మతంలోకి లాగుతారా? బంధువులు అడిగితే ఏమని చెప్పాలి? మా రాష్ట్ర విశ్వవిద్యాలయం రట్గర్స్‌లో కంప్యూటర్ సైన్స్‌తో పోల్చి చెప్పగలరు.

జవాబు: మీ ప్రశ్నల్లో అసలైనది బంధువుల గురించి అడిగినదే. మిగతావన్నీ దాని వెనక నిలబడ్డాయి. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరి అబ్బాయి తత్వశాస్త్రం అంటాడు, ఇంకొకరి అమ్మాయి వస్త్రాల పరిరక్షణ అంటుంది. తల్లిదండ్రులు మాత్రం అందరూ ఒకే రకంగా భయపడతారు. మనవాళ్లెవరూ నడవని దారిలో బిడ్డ వెళ్తే, కష్టం వచ్చిన రోజున ఎవరిని అడగాలో మనకు తెలియదు. ఆ భయంలో తప్పేమీ లేదు. దానికి మందు సమాచారం. ముందు అది ఇస్తాను.

మీ అమ్మాయి చెబుతున్నది జ్యూయిష్ థియలాజికల్ సెమినరీలో ఉన్న లిస్ట్ కళాశాల అయి ఉంటుంది. 1886లో మొదలైన సంస్థ. మన్‌హటన్‌లో బ్రాడ్వే మీద, 122వ వీధి దగ్గర ఉంటుంది. కొలంబియా ప్రధాన ద్వారం నుంచి నడిచి వెళ్లవచ్చు. ఇక్కడి డిగ్రీ విద్యార్థులు మరో డిగ్రీ కూడా కలిపి చదువుతారు. కొలంబియాలోని స్కూల్ ఆఫ్ జనరల్ స్టడీస్‌తో ఉమ్మడి కార్యక్రమం 1954 నుంచి నడుస్తోంది. ఆ పక్కనే ఉన్న మహిళా కళాశాల బార్నార్డ్‌తో రెండు డిగ్రీల ఏర్పాటు ఉంది. అంటే యూదు అధ్యయనాల్లో ఒక పట్టా, రెండో చోట తనకు నచ్చిన విషయంలో మరో పట్టా. ఆ రెండో విషయం అర్థశాస్త్రం కావచ్చు, కంప్యూటర్ సైన్స్ కూడా కావచ్చు. మీరు పోల్చమన్న రెండు దారులు మీరనుకున్నంత దూరంగా లేవు.

మీ అమ్మాయి అభిరుచికి ఈ సంస్థతో చుట్టరికం కూడా ఉంది. ఆ మంగళూరు వర్తకుడు అబ్రహాం బెన్ యిజూ. ఊరు ట్యునీసియా తీరంలోని మహ్దియా. 1130ల నుంచి సుమారు 1149 దాకా మలబారు తీరంలో ఉన్నాడు, కంచు వస్తువుల కార్ఖానా నడిపాడు. అషూ అనే స్థానిక స్త్రీని 1132లో దాస్యం నుంచి విడిపించిన పత్రం ఇప్పటికీ ఉంది. యెమెన్‌లోని ఏడెన్ రేవులో ఉన్న వర్తక మిత్రులు అతనికి చక్కెర, ఎండుద్రాక్ష, కాగితం పంపేవారు. ఇక్కడ కాగితం దొరకక వచ్చిన ఉత్తరాల వెనకవైపే అతను తన లెక్కలు రాసుకున్నాడు. అవన్నీ కైరోలోని ఒక యూదు ప్రార్థనా మందిరపు గదిలో (దాన్ని జెనీజా అంటారు) శతాబ్దాల పాటు పడి ఉన్న కాగితాల గుట్టలో దొరికాయి. 1896–97లో ఆ గుట్టలోంచి సుమారు 1,93,000 ముక్కలను కేంబ్రిడ్జికి తరలించిన పండితుడు సాలమన్ షెక్టర్. 1902లో ఈ న్యూయార్క్ సెమినరీకి అధిపతిగా వచ్చింది ఆయనే. ఆ కైరో కాగితాల్లో వేలాది ముక్కలు ఈ సెమినరీ గ్రంథాలయంలోనూ ఉన్నాయి. ఆ పిల్ల గాలివాటంగా ఈ కళాశాల పేరు చెప్పలేదని దీన్నిబట్టి మీకు తెలియాలి.

ఇక మతం సంగతి. సెమినరీ అన్న పేరు చూసి కంగారు పడ్డారు. యూదు మతగురువులైన రబ్బీలకు శిక్షణ ఇచ్చే విభాగం అక్కడ ఉన్న మాట నిజమే. డిగ్రీ కళాశాల దాని నుంచి వేరు. పైగా ఇతరులను తమ మతంలోకి పిలిచే అలవాటు యూదు సంప్రదాయంలో లేదు. కావాలని వచ్చినవారిని కూడా రబ్బీలు మొదట నిరుత్సాహపరుస్తారు. ఆ భయం పక్కన పెట్టండి.

మీరు ఆలోచించవలసినది ఒంటరితనం గురించి. అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు యూదులు. చాలామంది చిన్నప్పటి నుంచి హీబ్రూ అక్షరాలు, ప్రార్థనలు, పండుగలు ఎరిగినవారు. కళాశాల యూదు పంచాంగం ప్రకారం నడుస్తుంది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా శబ్బత్, అంటే వారపు విశ్రాంతి దినం. వంటగదిలో మాంసానికి ఒక జత గిన్నెలు, పాల పదార్థాలకు ఇంకో జత. శాకాహారులైతే ఇబ్బందేమీ ఉండదు. కానీ శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర అందరికీ వచ్చిన పాట తనకు రాదు. కొందరు పిల్లలు దాన్ని వారంలో నేర్చేసుకుంటారు. కొందరు గదిలోనే ఉండిపోతారు. మీ అమ్మాయి ఏ రకమో నాకంటే మీకు బాగా తెలుసు. యూదులు కాని విద్యార్థులు ఇంతకుముందు చదివారా, వారితో మాట్లాడించగలరా అని ప్రవేశాల కార్యాలయాన్ని సూటిగా అడగండి. 2023 అక్టోబరు తర్వాత, ముఖ్యంగా 2024 వసంతంలో, ఇజ్రాయెల్-గాజా యుద్ధం మీద కొలంబియా ప్రాంగణంలో జరిగిన ఆందోళనలు మీరూ చూశారు. ఈ చదువు చదివే అమ్మాయిని నువ్వు ఎటువైపు అని ఎవరో ఒకరు అడుగుతారు. దానికి సిద్ధపడే వెళ్లాలి.

ఇప్పుడు మీ మిత్రుడి సలహాకు వద్దాము. ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడక తప్పదు.

పెద్ద పేరున్న విశ్వవిద్యాలయంలోకి ఎవరూ చూడని తలుపు వెతకడం ఈ మధ్య మన కుటుంబాల్లో బాగా పెరిగింది. పోటీ తక్కువని సంస్కృతం అని రాయిస్తారు, పురాతత్వం అని రాయిస్తారు, లోపలికి వెళ్లాక మార్చుకోవచ్చులే అంటారు. డబ్బు తీసుకుని ఈ ఉపాయం అమ్మే సలహాదారులు కూడా తయారయ్యారు. మీరంతా మంత్రంలా జపించే ఐవీ లీగ్ అన్నది 1954లో కొలంబియాతో సహా ఎనిమిది విశ్వవిద్యాలయాలు క్రీడల కోసం కుదుర్చుకున్న కూటమి పేరు. ఆ పేరు మీ పిల్లకు హీబ్రూ క్రియాపదాలు నేర్పదు.

ఈ దారి సులువు అన్న మాట అబద్ధం. రెండు చోట్లా ఒప్పుకుంటేనే ప్రవేశం. రెండు చోట్లా వేర్వేరు నిబంధనలు పూర్తి చేస్తేనే రెండు పట్టాలు. బైబిలు, తాల్ముద్ (యూదు ధర్మశాస్త్ర చర్చల గ్రంథం), యూదు చరిత్ర, సాహిత్యం, హీబ్రూ భాష ఒకవైపు. రచన, విజ్ఞానశాస్త్రం, ప్రధాన విషయం మరోవైపు. తోటి పిల్లలు వేసవిలో ఇంటర్న్‌షిప్‌కు వెళ్తుంటే వీరు మిగిలిన కోర్సులు పూర్తి చేస్తుండవచ్చు. ఇష్టంతో వచ్చిన పిల్లలే రెండో సంవత్సరానికి నలిగిపోతారు. పేరు కోసం వచ్చినవారి సంగతి చెప్పనక్కర్లేదు. పైగా స్కూల్ ఆఫ్ జనరల్ స్టడీస్, కొలంబియా కాలేజీ వేర్వేరు. పట్టా కొలంబియాదే, పాఠాలు చెప్పేవారూ వారే; ప్రవేశ మార్గం, సహాయ నిధులు, నిబంధనలు మాత్రం వేరు. ఒక చదువు మధ్యలో వదిలేస్తే రెండోది నిలుస్తుందా అన్నది చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇంకో మాట. మీ ఉత్తరంలో కొలంబియా పేరు ఉంది, మిత్రుడి అభిప్రాయం ఉంది, బంధువుల ప్రస్తావన ఉంది. ఆ ఉత్తరాల్లో ఏముంది అని మీ అమ్మాయిని ఒక్కసారైనా అడిగినట్లు ఎక్కడా లేదు. తనకు నచ్చింది వదిలేయమని ఒక నోటితో, పేరొస్తుంది కాబట్టి చేరమని మరో నోటితో చెబితే, తన ఇష్టానికి ఈ ఇంట్లో విలువ లేదని పిల్లకు అర్థమవుతుంది. ఆ తర్వాత మీతో ఏదీ పంచుకోదు. దయచేసి అంతదాకా తెచ్చుకోకండి.

చదువు ఎలా ఉంటుందో కూడా చూడండి. తాల్ముద్ పుట తెరిస్తే మధ్యలో మూలం, ఒక పక్క పదకొండో శతాబ్దపు ఫ్రెంచ్ పండితుడు రాషీ వ్యాఖ్యానం, రెండో పక్క ఆయన తర్వాతి తరాల వారు లేవనెత్తిన ఆక్షేపణలు. మూలం, భాష్యం, టీక ఒకే పుటలో కూర్చుని వాదించుకుంటున్నట్లు ఉంటుంది. అచ్చులు సూచించే గుర్తులు ఉండవు, హల్లులే కనిపిస్తాయి. విరామ చిహ్నాలూ ఉండవు. ఇద్దరిద్దరు జతగా కూర్చుని పైకి చదువుతూ, ఒకరి మాటను ఒకరు ఖండించుకుంటూ నేర్చుకుంటారు. లెక్కల్లో దిట్ట అన్నారు కదా, ఇలాంటి తర్కం ఆ పిల్లకు తప్పకుండా నచ్చుతుంది.

అయితే తనకు ఇంకా తెలియని చిక్కు ఒకటి ఉంది. బెన్ యిజూకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు లిపి హీబ్రూ, భాష అరబ్బీ. హీబ్రూ ఒక్కటే నేర్చుకుంటే అక్షరాలు చదవగలదు కానీ అర్థం చిక్కదు. కాబట్టి హీబ్రూ, అరబ్బీ రెండూ గట్టిగా నేర్పే చోటు కావాలి. న్యూయార్క్‌లోని ఆ రెండు డిగ్రీల జోడీలో అది కుదురుతుంది. రట్గర్స్‌లో కూడా యూదు అధ్యయనాల విభాగం ఉంది, హీబ్రూ ఉంది, అరబ్బీ ఉంది. కంప్యూటర్ సైన్స్ ప్రధానంగా తీసుకుని ఇవి రెండో విషయంగా చదవవచ్చు. న్యూజెర్సీ వాసులకు ఫీజులో చాలా తేడా ఉంటుంది. ఆ కైరో కాగితాల మీద కంప్యూటర్ సహాయంతో పనిచేసే ప్రిన్స్‌టన్ జెనీజా ల్యాబ్ కూడా మీ రాష్ట్రంలోనే ఉంది. చేతిరాతను యంత్రంతో చదివించడం, ముక్కలైన కాగితాలను జతపరచడం ఇప్పుడు ఈ రంగంలో నిజంగా జరుగుతున్న పని. రెండు విద్యలూ తెలిసినవారు అక్కడ అవసరం.

ఉద్యోగం గురించి దాపరికం లేకుండా చెబుతాను. యూదు అధ్యయనాల బీఏ పట్టా చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. గ్రంథాలయం, మ్యూజియం, పత్రాల భాండాగారం అంటే మాస్టర్స్ కావాలి. విశ్వవిద్యాలయ బోధన అంటే పీహెచ్‌డీ తర్వాత కూడా చోటు దొరకడం కష్టం. న్యాయవిద్యకు మాత్రం ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, తాల్ముద్ చదివిన బుర్రకు అది బాగా పనికొస్తుంది. రెండో పట్టా ఏ విషయంలో అన్నదే తొలి ఉద్యోగాన్ని నిర్ణయిస్తుంది. అందుకే ఈ ఒక్క పట్టా మీదే ఆధారపడవద్దని తనకు నేనైతే గట్టిగా చెబుతాను.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మీరు రాయనే లేదు. అమ్మాయి అమెరికాలో పుట్టిందా, మీ ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్-4 మీద ఉందా? హెచ్-4 అయితే 21 ఏళ్లు నిండేసరికి ఆ హోదా పోతుంది. అప్పటికి గ్రీన్‌కార్డు రాకపోతే విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కు మారాలి. చదువయ్యాక ఉద్యోగానుభవం కోసం ఇచ్చే ఓపీటీ మామూలుగా 12 నెలలు. స్టెమ్ కోర్సులకు, అంటే విజ్ఞానశాస్త్రం, సాంకేతికత, ఇంజినీరింగ్, గణితానికి, మరో 24 నెలలు పొడిగిస్తారు. యూదు అధ్యయనాలు ఆ జాబితాలోకి రావు. హెచ్-4, ఎఫ్-1 వారికి ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సహాయం కూడా అందదు. అలాంటి స్థితిలో రెండో పట్టా స్టెమ్ విషయంలో ఉండి తీరాలి, లేదా రట్గర్స్ దారే మేలు. పౌరురాలైతే ఈ చిక్కులేవీ లేవు, తన ఇష్టానికి చాలా చోటుంది. బంధువుల గురించి అంత రాసి ఈ ఒక్క ముక్క ఎలా మరిచారండీ!

బంధువులకు ఏం చెప్పాలన్నారు కదా. మంగళూరులో బతికిన మనిషి ఉత్తరాలు చదవడం నేర్చుకుంటోందని చెప్పండి. కొచ్చిలో 1568లో కట్టిన యూదు ప్రార్థనా మందిరం చాలామంది చూసే ఉంటారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు సమాజం ఉన్న సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. ఈ విషయం మనకు అంత పరాయిదేమీ కాదు.

ఈ వేసవిలో ఒక పని చేయండి. ఏదైనా మంచి కోర్సులో హీబ్రూ మొదలుపెట్టించండి. అక్షరాలు 22 మాత్రమే, అవి త్వరగానే వస్తాయి. క్రియాపదాల దగ్గరకు వచ్చాక కూడా పుస్తకం మూయకుండా ఉందా అన్నది చూడండి. ప్రిన్స్‌టన్ వారి పత్రాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, బెన్ యిజూ ఉత్తరం ఒకటి తెరిచి మీ ఇద్దరికీ వివరించమనండి. తర్వాత దరఖాస్తుల జాబితాలో న్యూయార్క్ జోడీని, రట్గర్స్‌ను రెండింటినీ ఉంచండి. ఫీజుల అంచనా రెండు చోట్ల నుంచి తెప్పించుకుని, వీసా సంగతి కూడా చేర్చి నాకు మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయనివ్వండి.