ఎంఎస్ మాత్ర ఆపగానే గర్భం దాల్చవచ్చా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మూడేళ్ల కిందట మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్ – మెదడు, వెన్నుపాము నరాల పైపొర దెబ్బతినే జబ్బు) బయటపడింది. రోజూ టెరిఫ్లూనొమైడ్ 14 మి.గ్రా. మాత్ర వేసుకుంటున్నాను. పిల్లల్ని కనాలనుకుంటున్నాం. నెల ముందు మాత్ర ఆపేస్తే సరిపోతుందా? కాన్పయ్యాక జబ్బు తిరగబెడుతుందని మా అత్తగారి భయం. బిడ్డకూ వస్తుందా?
– ఒక సోదరి, వరంగల్

జవాబు: నెల సరిపోదమ్మా. ఈ మందు పైత్యరసంతో పేగుల్లోకి దిగి, అక్కణ్నుంచి మళ్లీ రక్తంలో కలుస్తుంది. అందుకే మాత్ర మానేసినా ఒంట్లోంచి పోవడానికి సగటున 8 నెలలు, కొందరిలో 2 ఏళ్లు కూడా పడుతుంది. పిండానికి హాని చేసే ప్రమాదం ఉంది కాబట్టి అప్పటిదాకా గర్భం రాకూడదు.

త్వరగా పోగొట్టడానికి కొలెస్టిరమైన్ పొడి ఇస్తారు. 8 గ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 11 రోజులు. నీళ్లలో కలిపే తాగాలి. కడుపు ఉబ్బరం, మలబద్ధకం మరీ ఇబ్బంది పెడితే డాక్టరు 4 గ్రాములకు తగ్గిస్తారు. ఈ పొడి మిగతా మందుల్నీ పేగుల్లోనే పట్టేస్తుంది. వాటిని గంట ముందో, 4-6 గంటల తర్వాతో వేసుకోండి. గర్భనిరోధక మాత్రల్నీ నమ్ముకోవద్దు, కండోమ్ వాడండి.

తర్వాత కనీసం 14 రోజుల తేడాతో రెండుసార్లు రక్తపరీక్ష. రెండింటిలోనూ మందు లీటరుకు 0.02 మి.గ్రా. కంటే తక్కువ ఉండాలి. మొదటిసారి అలా వచ్చాక నెలన్నర ఆగండి. ఈ పరీక్ష ప్రతి ల్యాబ్‌లో చేయరు, ముందే కనుక్కోండి.

ఇలా ఆగే రోజుల్లో మందే లేకుండా ఉండిపోవడం మంచిది కాదు. ఎంఎస్‌కే వాడే గ్లాటిరమర్ లేదా ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ల గురించి న్యూరాలజిస్టును అడగండి. గర్భం నిలిచేదాకా, అవసరమైతే ఆ తర్వాత కూడా వాడతారు. ఈలోగా అనుకోకుండా నెల తప్పితే టెరిఫ్లూనొమైడ్ ఆ రోజే ఆపి డాక్టరును కలవండి. గర్భిణికీ ఆ పొడి ఇవ్వవచ్చు. భయంతో అబార్షన్‌కు తొందరపడొద్దు.

మీ అత్తగారి మాటలో కొంత నిజముంది. 1998లో వెలువడిన యూరప్ అధ్యయనంలో గర్భం చివరి మూడు నెలల్లో రిలాప్స్‌లు (జబ్బు తిరగబెట్టడాలు) బాగా తగ్గాయి, కాన్పు తర్వాతి మూడు నెలల్లో పెరిగాయి, ఆపైన మునుపటి స్థాయికి వచ్చాయి. పూర్తిగా తల్లిపాలే ఇస్తే కొంత రక్షణ ఉంటుంది. రిలాప్స్ వచ్చి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించినా, 2-4 గంటలాగి పాలివ్వవచ్చు. పాలిచ్చినన్నాళ్లూ టెరిఫ్లూనొమైడ్ మాత్రం వద్దు. ఎంఎస్ ఉందని సిజేరియన్ అక్కర్లేదు.

బిడ్డకు వచ్చే అవకాశం నూటికి రెండు మూడు మాత్రమే.

ఇంకొకటి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా కాళ్లు బరువెక్కి రిలాప్స్‌లాగే అనిపిస్తుంది. స్టెరాయిడ్‌కు ముందు యూరిన్ కల్చర్ (మూత్రంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) చేయించండి.