రెండుసార్లు లాగితే పదును వస్తుందనే సాన పరికరం కొనొచ్చా?

కత్తి, కొడవలి, గొడ్డలి అన్నీ ఈ పరికరంలో రెండుసార్లు లాగితే పదునెక్కుతాయని ఫోన్‌లో పొద్దస్తమానం ప్రకటన వస్తోంది కదా, దేవరకొండ వైపు మా రైతులు కూడా దాని గురించే అడుగుతున్నారు. పొలం పనిముట్ల కోసమైతే అస్సలు కొనొద్దు. లోపల వి ఆకారంలో ఉండే కార్బైడ్ (ఉక్కు కంటే గట్టి పదార్థం) ముక్కలు లోహాన్ని గీకేస్తాయి, అందుకే మొదటిరోజు టమాట బాగానే తెగుతుంది గానీ అంచు గరుకుగా మిగిలి తొందరగా మొద్దుబారుతుంది, కత్తీ అరిగిపోతుంది. పైగా అందులో అంచు పట్టే కోణం ఒక్కటే. వంటింటి కత్తికి ఒక్కో వైపు 15–20 డిగ్రీలు చాలు, గొడ్డలికి 25–30 కావాలి. పళ్ల కొడవలిని అందులో పెడితే పళ్లే పోతాయి. కత్తులకు ఒకవైపు 400, ఇంకోవైపు 1000 గ్రిట్ (రాయి గరుకుదనం కొలత, అంకె పెరిగేకొద్దీ నునుపు) ఉన్న సానరాయి కొనుక్కోండి, గొడ్డలికి ఆకురాయి చాలు, పళ్లు అరిగిన కొడవలిని మాత్రం కమ్మరికే ఇవ్వండి.