జేజి పెట్టెలో కాసు వేరు, గోడలో దొరికిన వరహా వేరు

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. పోయినేడు మా జేజి కాలం చేసింది. ఆమె ట్రంకు పెట్టెలో మూడు బంగారు కాసులున్నాయి. మొన్న కూలీతో పాత మట్టిమిద్దె పడగొట్టిస్తుంటే, ఆయన గడ్డపార వేసిన చోట గోడలో గూటి వెనక ఒక ముంత బయటపడింది. అందులో చిటికెనవేలి గోరంత బంగారు నాణేలు పదకొండు. ప్రొద్దుటూరులో అంగడికి తీసుకుపోతే అన్నీ కరిగించి తూకానికి డబ్బిస్తామన్నారు. బెంగళూరు నుంచి ఒకాయన మాత్రం ఫోటోలు చూసి, వాటిలో రెండింటికే బంగారం ధరకు నాలుగింతలు ఇస్తానంటున్నాడు. ఆ రెండే ఎందుకు? అమ్మితే కేసవుతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఒక మాట. దేన్నీ కరిగించొద్దు, తోమొద్దు. మీరు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. బెంగళూరు ఆయన ఆ రెండింటినే ఎందుకు అడిగాడో తెలిస్తే, చట్టం ఎక్కడ అడ్డొస్తుందో కూడా మీకే అర్థమవుతుంది.

పెట్టెలోని మూడింటిలో రెండు సవర్లు, అంటే గుర్రమెక్కిన మనిషి బొమ్మ ఉండే ఇంగ్లీషువాళ్ల బంగారు కాసులు. మూడోదాని మీద గుర్రం లేదు, 15 రూపాయలని, 1918 అని ఉంది. మూడూ దాదాపు 8 గ్రాములే, మూడూ 22 క్యారెట్లే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బొంబాయిలో 1918లో ఈ పదిహేను రూపాయల మోహరు కొట్టారు. అదే ఏడాది అక్కడ సవర్లు కూడా ముద్రించారు. ఆ ఒక్క ఏడాదే. మీ రెండో కాసులో గుర్రం కాళ్ల కింద, సంవత్సరానికి పైన నేలగీత మీద చిన్న 'ఐ' అక్షరం కనిపిస్తోంది కదా, అది బొంబాయి గుర్తు. పదిహేను రూపాయల మోహరు సవరంత మామూలుగా దొరకదు. అందుకే ఒకే తూకం, ఒకే బంగారమైనా ఆయన దాన్నే అడిగాడు. ఇక మిగిలిన సవర, రింగు అతికిన కాసు సంగతి. కాసులపేరులో గుచ్చడానికి టంకం పెట్టారు కాబట్టి సేకరించేవాళ్లకు అది దెబ్బతిన్న నాణెం. దానికి బంగారం ధరకు మించి పెద్దగా రాదు. రింగు తీయించినా మచ్చ పోదు.

ముంతలోవి విజయనగరం కాలపు అర వరహాల్లా ఉన్నాయి. ఒక్కొక్కటి 1.7 గ్రాములకు అటూఇటూ ఉండాలి, తూచి చూడండి. ఒకవైపు కూర్చున్న బాలకృష్ణుడు, వెనక మూడు వరుసల నాగరి అక్షరాల్లో 'శ్రీ ప్రతాప కృష్ణరాయ'. కృష్ణదేవరాయలు ఏలింది 1509 నుంచి 1529 వరకు. తర్వాతి అచ్యుతరాయలు రెండు తలల పక్షి గండభేరుండం వేయించాడు. రాజు మారితే తరచూ బొమ్మ కూడా మారేది. ఐదు వందల ఏళ్ల నాటివంటే చాలు లక్షలు పలుకుతాయని మన వైపు గట్టి నమ్మకం. కానీ రాయల అర వరహాలు చాలానే మిగిలాయి, పాతదైనంత మాత్రాన అరుదు కాదు. మీ పదకొండింటిలో పదింటికి అక్షరాలు సగం నాణెం అంచు దాటి బయటికి పోయాయి. ఒక్కదానికి మూడు వరుసలూ నిండుగా పడ్డాయి, బాలకృష్ణుడి మొహం అరగలేదు. ఆయన అడిగిన రెండోది అదే.

ఇక చట్టం. పెట్టెలోవీ ముంతలోవీ ఒకచోట కలపకండి. వాటి దారులు వేరు.

పెట్టెలోవి మీ జేజి సొత్తు. ఆమె వీలునామా రాయకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం మీ జేజినాయన ఉంటే ఆయనకు, మీ నాయనకు, చిన్నాయనకు, మేనత్తలకు సమాన భాగాలు. పెళ్లిళ్లై పోయారు కదా అని మేనత్తలను పక్కన పెట్టకండి. ఇలాంటి చిన్న కాసుల దగ్గరే అన్నాచెల్లెళ్లు జీవితాంతం మాట్లాడుకోకుండా పోవడం కోర్టులో చాలాసార్లు చూశాను, బాధేస్తుంది. మీ నాయన ఉండగా మీకు నేరుగా హక్కు లేదు. అందరూ ఒప్పుకుని సంతకాలు పెట్టిన కాగితం మీద అమ్మండి.

అయితే నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. 1918 మోహరు ఆ లెక్కలోకి వచ్చేసింది. ఇంట్లో వచ్చిన నాణేన్ని ఒకసారి అమ్ముకోవడం వ్యాపారం కాదు. కొనేవాడు వ్యాపారం చేస్తుంటే అతనికి లైసెన్సు ఉండాలి, అడిగి చూడండి. విదేశాలకు పంపడం మాత్రం నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. అమెరికాలో ఉన్న బావమరిది పట్టుకుపోతాడులే అనుకోవద్దు. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఒకరి దగ్గర రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

ముంత సంగతే అసలు చిక్కు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. నేలలోనే కాదు, నేలకు అంటుకున్న కట్టడంలో దాచింది కూడా నిధే. మీ మిద్దె గోడ దాని కిందికే వస్తుంది. విలువ పది రూపాయలు దాటితే చాలు. దొరికినవాళ్లు వీలైనంత త్వరగా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన అన్నీ రాయాలి. నిధిని ట్రెజరీలో జమ చేయాలి, లేదా హామీ ఇవ్వాలి. దాస్తే మీ వాటా ప్రభుత్వానికి పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు.

తర్వాత కలెక్టరు ప్రకటన ఇస్తారు. హక్కుదారులు రావడానికి నాలుగు నుంచి ఆరు నెలల లోపు ఒక తేదీ పెడతారు. నూరేళ్ల లోపు మా పెద్దలే దాచారని ఎవరైనా ముందుకొస్తే సివిల్ కోర్టులో నిరూపించుకోవాలి. ఇక్కడ నాణేలే సాక్ష్యం. ముంతలో ఒక్క 1918 కాసున్నా, ఆ ముంతను దాచింది 1918కి ముందు కాదని తేలిపోయేది. అన్నీ రాయలవే కాబట్టి మీ తాత దాచాడనడం కష్టం. అందుకే జేజి కాసులు పొరపాటున కూడా ఆ ముంతలో వేయకండి. సాక్ష్యం తారుమారు చేశారంటారు.

ఎవరూ రాకపోతే నిధి యజమాని లేనిదని ప్రకటిస్తారు. దొరికినవాడికి, స్థలం యజమానికి మధ్య ఒప్పందం లేకపోతే ముప్పావు భాగం దొరికినవాడిది, పావు భాగం స్థలం యజమానిది. గడ్డపార వేసింది కూలీ అని మీరే రాశారు. దొరికినవాడు ఎవరన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆయన పేరు అర్జీలో రాయండి. దాచి రాస్తే ఆయనకు అన్యాయం, మీకు కేసు.

ఇంకొకటి చెప్పాలి, ఇది నాకే నచ్చని సంగతి. ప్రభుత్వం నిధిని తీసుకోవాలనుకుంటే లోహం విలువ, దానిమీద ఐదో వంతు కలిపి ఇస్తుంది. నిండుగా పడిన అక్షరాలకు, అరగని మొహానికి ఆ లెక్కలో విలువ లేదు. పదకొండూ ఒకటే. ప్రభుత్వం వద్దనుకుని మీకు వదిలితేనే బెంగళూరు ధర మాట. అప్పుడు కలెక్టరు ఉత్తర్వు నకలు మీ చేతిలో ఉంటుంది. ఎక్కడ దొరికిందో, ఎవరిదో ప్రభుత్వ కాగితమే చెప్పే నాణేన్ని నిజమైన సేకర్త ధైర్యంగా కొంటాడు. ఇప్పుడు ఫోన్లో తొందరపెడుతున్న మనిషి ఆ కాగితం ఊసెత్తాడా? ఎత్తకపోతే ఆయనకు కావలసింది మీ భయమే.

రేపే చేయవలసింది ఇది. పదకొండు నాణేలను విడివిడిగా కాగితంలో చుట్టి, రెండువైపులా ఫోటో తీసి, తూకం రాసి, ముంత పెంకులతో సహా పెట్టండి. అర్జీ రెండు ప్రతులు రాసి కలెక్టరు కార్యాలయంలో ఒకటిచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ప్రొద్దుటూరు అంగడికి వెళ్లిన మాట కూడా అందులో ఉండాలి. ఆ కూలీని కూడా వెంట తీసుకుపోండి.