పాము తల ఎలా చిన్నదైంది: ఒక యువ రచయిత్రికి లేఖ

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పరాయి ఎరలు వచ్చిపడితే జంతువులు ఎలా మారతాయో రాసిన నీ వ్యాసం అందింది. చేయి తిరుగుతున్నట్టే ఉంది, సంతోషం. అయితే "విషం నుంచి తప్పించుకోవడానికి ఆస్ట్రేలియా పాములు తమ తలలను చిన్నవి చేసుకున్నాయి" అన్నావే, అక్కడ ఆగిపోయాను. ఏ పామూ ఆ పని చేయలేదమ్మా.

1935లో క్వీన్స్‌ల్యాండ్ చెరుకు తోటల్లో పెంకు పురుగులను తింటాయని పరాయి గోదురు కప్పలను తెచ్చి వదిలారు. పురుగులు తగ్గలేదు, కప్పలు మాత్రం ఊళ్ల మీద పడ్డాయి. (మన చిత్తూరు బెల్లం రైతు ఇలాంటి సాయానికి దూరం నుంచే దండం పెడతాడు.) ఆ కప్పల చర్మంలో విషం, వీపు వైపు మరీ ఎక్కువ. పాము నమలదు, నోట పట్టినంత మింగుతుంది. తల పెద్దదైతే పెద్ద కప్పే లోపలికి పోతుంది, దానితో విషమూ ఎక్కువ పోతుంది. ఎర్రపొట్ట నల్లపాముల్లో అలాంటివి చచ్చాయి. ఒంటితో పోలిస్తే తల చిన్నగా ఉన్నవి మిగిలి పిల్లల్ని కన్నాయి. డెబ్బై ఏళ్లు తిరగకముందే, కప్పలు చేరిన చోట్ల పాముల తీరు మారింది. నీ వ్యాసంలో బతికిన పాములే ఉన్నాయి. చచ్చినవాటిని కూడా తీసుకురా, అప్పుడు కథ నడుస్తుంది.

కాకిని మాత్రం ఇదే పేరాలో కలపకు. అక్కడి కాకి కప్పను వెల్లకిలా తిప్పి, విషమున్న వీపు జోలికి పోకుండా లోపలి మాంసం తింటుంది. అది ఒక జన్మలోనే అబ్బే విద్య. ఫ్లోరిడాలో నత్తలు తినే గద్దది ఇంకో దారి. అక్కడికి పరాయి నత్త వచ్చింది, పాత నత్త కంటే చాలా పెద్దది. పదేళ్ల లోపే గద్దల ముక్కులు పెరిగాయి. కొంత తిండి వల్ల, కొంత వంశం వల్ల. రెండూ రాయి.

ఆస్ట్రేలియా దాకా వెళ్లావు గానీ మన చెరువుగట్టు ఎక్కలేదు. 1952లో మన దేశానికి వచ్చిన తిలాపియాను ఇక్కడ జిలేబి చేప అంటారు కదా. పొద్దున్నే వెళ్లి నీటికాకిని చూడు. చేపను అడ్డంగా పట్టుకుని పైకి లేస్తుంది, గాలిలోకి కొద్దిగా ఎగరేసి తల వైపు నుంచి అందుకుంటుంది. వీపు ముళ్లు వెనక్కి వాలి చేప జారిపోతుంది, మెడ ఒక్కసారి ఉబ్బి సర్దుకుంటుంది. ఇది తిలాపియా కోసం పుట్టిన విద్య కాదు, ముళ్లున్న మన చేపల మీద ఎప్పుడో సాధించిందే. కాబట్టి "నీటికాకి మారింది" అని రాయకు. పాత పని కొత్త ఎరకు అక్కరకొచ్చిందంతే.

చివరి పేరాలో "ప్రకృతి తనను తాను సరిదిద్దుకుంటుంది" అన్నావు. కొట్టెయ్. అదే కప్పను తిని ఉత్తర ఆస్ట్రేలియాలో క్వోల్ అనే చిన్న మాంసాహారి చాలాచోట్ల కనుమరుగైంది. దానికి ఒక పేరా ఇచ్చి, సవరించిన ప్రతి పంపు. ఈసారి మార్జిన్ కాస్త ఎక్కువ వదులు, రాయడానికి నాకు చోటు చాలడం లేదు.