సైలెన్సర్ల కంపెనీలో పనిచేసే మా అబ్బాయికి 85 వేల ఈవీ కోర్సు అవసరమా?

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేశాడు. నాలుగేళ్లుగా పెనుకొండ దగ్గర కార్ల సైలెన్సర్లు తయారుచేసే కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. చేతికి 17 వేలు వస్తుంది. ఎలక్ట్రిక్ కార్లకు సైలెన్సరే ఉండదు, నా పని పోతుందని వాడికి ఒకటే టెన్షన్. బెంగళూరులో ఒక ఇన్‌స్టిట్యూట్ మూడు నెలల ఈవీ కోర్సుకు 85 వేలు అడుగుతోంది. వంద శాతం ప్లేస్‌మెంట్ అంటున్నారు. డబ్బు లేకపోతే యాప్‌లో ఈఎంఐ పెట్టిస్తారట. ఉద్యోగం మానేసి చేరతానంటున్నాడు. వాళ్లమ్మ నగలు బ్యాంకులో పెట్టమంటోంది. ఏం చేయమంటారు? - ఒక తండ్రి, హిందూపురం

జవాబు: నగలు బ్యాంకుకు తీసుకెళ్లే పని ప్రస్తుతానికి ఆపండి. ఉద్యోగం మానేయడం కూడా ఆపించండి. మీ అబ్బాయి భయం ఉత్తదేమీ కాదు. కానీ అప్పుచేసి పరుగెత్తాల్సినంత తొందర లేదు.

ముందు లెక్క చూద్దాం. ఈ కోర్సు ఖర్చు 85 వేలు కాదు. మూడు నెలలు జీతం రాదు కాబట్టి 51 వేలు పోతుంది. బెంగళూరులో హాస్టలు, తిండి, బస్సు ఛార్జీలు ఎంత బిగించినా నెలకు 8 వేలు అవుతాయి, అంటే మరో 24 వేలు. మొత్తం 1 లక్షా 60 వేలు. అప్పు మీద వడ్డీ, కోర్సయ్యాక ఉద్యోగం దొరికేదాకా ఖాళీగా ఉండే రోజులు ఇందులో లేవు. ఇంతా చేసి బయటికొచ్చాక దొరికేది సాధారణంగా కార్ల షోరూం సర్వీస్ సెంటర్లోనో, ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలోనో టెక్నీషియన్ పని. అక్కడ మొదటి జీతం మీ అబ్బాయి ఇప్పుడు తెచ్చే 17 వేలకు అటూఇటూగానే ఉంటుంది. కొన్నిచోట్ల తక్కువే.

సైలెన్సర్ల సంగతి. ఎలక్ట్రిక్ కారుకు సైలెన్సర్ అక్కర్లేదన్నది నిజమే. పెనుకొండలో 2019 నుంచి కార్లు తీస్తున్న కియా కూడా 2025లో కారెన్స్ క్లావిస్ ఈవీ తెచ్చింది. కానీ దేశంలో అమ్ముడయ్యే కొత్త కార్లలో ఎలక్ట్రిక్‌వి ఇంకా నూటికి పది కూడా లేవు. పెట్రోలు, డీజిలు, సీఎన్‌జీ, హైబ్రిడ్ అన్నిటికీ పొగగొట్టం కావాల్సిందే. పైగా 2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యాన్ని తగ్గించే బీఎస్ 6 నిబంధనలు వచ్చాక ఆ గొట్టంలో పని పెరిగింది. కాబట్టి ఆ లైను రేపే మూతపడదు. పదేళ్ల తర్వాత ఇలాగే ఉంటుందని మాత్రం నేను చెప్పను. మీవాడికి కొంత టైముంది, ఆ టైము జీతం తీసుకుంటూనే వాడుకోవచ్చు.

మీరు ఉత్తరంలో రాయని విషయం ఒకటుంది. ఆ కంపెనీలో మీ అబ్బాయి చేతులతో చేసే పని ఏమిటి? సైలెన్సర్ల తయారీ అంటే పైపులు వంచడం, మిగ్ వెల్డింగ్, టిగ్ వెల్డింగ్, లీక్ టెస్టింగ్. చాలా ప్లాంట్లలో వెల్డింగ్ రోబోలే చేస్తాయి, మనుషులు పీసులు ఫిక్చర్లో (పీసును కదలకుండా పట్టే చట్రం) పెట్టి బటన్ నొక్కుతారు. మీవాడు బటన్ నొక్కే చోట ఉంటే రిస్కులో ఉన్నట్టే, కార్లు పెట్రోలువైనా కరెంటువైనా. అదే రోబో ఆగినప్పుడు ఎందుకు ఆగిందో చూసేవాడు, వెల్డింగ్ టార్చ్ మార్చేవాడు, ప్రోగ్రాంలో పాయింటు సరిచేసేవాడు అయితే కథ వేరు. సీట్ల ఫ్రేములకూ వెల్డింగ్ కావాలి, చాసిస్ భాగాలకూ కావాలి, ఎలక్ట్రిక్ కారు కింద బ్యాటరీని మోసే ట్రేకీ కావాలి. ఈవీ అన్న మాట లేకపోయినా రోబోటిక్ వెల్డింగ్, పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్), మెయింటెనెన్స్ కోర్సులే మీవాడికి దగ్గరి దారి అని నా అభిప్రాయం.

ఇక డబ్బు ఎవరు పెట్టాలి? అడగాల్సింది ముందు కంపెనీని, తర్వాత ప్రభుత్వాన్ని, ఆ తర్వాతే సొంత జేబు. అప్పు అన్నిటికన్నా చివర. మన ఇళ్లల్లో సరిగ్గా తలకిందులుగా చేస్తాం.

కాంట్రాక్టు కుర్రాడికి కంపెనీ శిక్షణ ఎందుకిస్తుందని మీరనొచ్చు. అడిగితే ఇచ్చిన చోట్లు ఉన్నాయి, అడిగే తీరులో ఉంటుంది. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడితే జవాబు రాదు. లైన్ సూపర్‌వైజర్‌నో మెయింటెనెన్స్ ఇంజనీర్‌నో పట్టుకోవాలి. రాత్రి షిఫ్టులో రోబో ఆగితే నష్టం ఎంతో తెలిసినవాళ్లు వాళ్లే. ‘సార్, నైట్ షిఫ్టులో చిన్న ఫాల్టులు నేను చూసుకుంటాను, నాకు నేర్పించండి’ అంటే వినేవాళ్లుంటారు. కంపెనీలు రోబోలు కొన్నప్పుడు అమ్మినవాళ్లు శిక్షణ కూడా ఇస్తుంటారు. రోబోలు అమ్మే ఫానుక్ ఇండియా ప్రధాన కార్యాలయం బెంగళూరులోనే ఉంది, పెనుకొండ నుంచి 44వ జాతీయ రహదారి మీద బస్సెక్కితే అదే దారి. అలాంటి బ్యాచ్‌కు పర్మనెంట్ ఇంజనీర్లతో పాటు ఇతన్ని కూడా పంపితే మీకు పైసా ఖర్చుండదు. కాదంటే కనీసం లైను నుంచి మెయింటెనెన్స్‌కు హెల్పర్‌గా మార్చమనండి. మెయింటెనెన్స్ వాళ్ల చేతికింద ఆరు నెలలు పనిచేస్తే చాలా కోర్సుల కన్నా ఎక్కువే వస్తుంది.

ప్రభుత్వం వైపు చూస్తే, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2015 నుంచి నడుస్తోంది. అందులోని స్వల్పకాలిక కోర్సులకు ఫీజు లేదు. వాహన రంగం కోర్సుల ప్రమాణాలను 2011లో ఏర్పడిన ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ తయారుచేస్తుంది. ఈవీ సర్వీస్ టెక్నీషియన్ కోర్సులు కూడా వాటిలో ఉన్నాయి. మన రాష్ట్రంలో నైపుణ్యాభివృద్ధి సంస్థ కూడా ఉచిత బ్యాచ్‌లు పెడుతుంది. ఇబ్బంది ఏమిటంటే ఈ బ్యాచ్‌లు ఎక్కువగా పగలే జరుగుతాయి, ఉద్యోగం లేనివాళ్లను దృష్టిలో పెట్టుకుని. సింగపూర్‌లో 25 ఏళ్లు నిండిన పౌరుల పేరు మీద ప్రభుత్వమే 500 సింగపూర్ డాలర్ల శిక్షణ క్రెడిట్ ఇచ్చింది, వాళ్లు ఆమోదం ఉన్న కోర్సుల్లో తమకు నచ్చినదానికి వాడుకుంటారు. మన పథకాల్లో డబ్బు శిక్షణ సంస్థకు వెళ్తుంది. కాబట్టి బ్యాచ్ ఎక్కడుంటే కార్మికుడే అక్కడికి వెళ్లాలి. షిఫ్టుల్లో పనిచేసేవాడికి ఇది పెద్ద అడ్డంకే.

కౌశల్ వికాస్ యోజనలోనే, ఉద్యోగం చేస్తున్నవాళ్ల కోసం ఉన్నది ఆర్‌పీఎల్ (రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్). ఇప్పటికే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. కొద్ది గంటల ఓరియెంటేషన్, తర్వాత పరీక్ష. కంపెనీ ఆవరణలోనే క్యాంపు పెట్టించే వీలు కూడా ఉంది. దీనివల్ల జీతం పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు, పెరగదు. అయినా చేయించమంటాను. ఎందుకంటే కాంట్రాక్టు కుర్రాళ్లకు నాలుగేళ్లు పనిచేసినా ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇచ్చే దిక్కుండదు. ఆర్‌పీఎల్ సర్టిఫికెట్, పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్‌ఐ వివరాలు కలిపి ఫైలులో పెట్టుకుంటే వేరే కంపెనీలో ‘నాలుగేళ్ల అనుభవం’ అన్న మాటకు ఆధారం ఉంటుంది. ఎలాగూ పాస్‌బుక్ చూస్తారు కాబట్టి కాంట్రాక్టరు నెలనెలా పీఎఫ్ కడుతున్నాడో లేదో కూడా తేలిపోతుంది.

సొంత డబ్బు పెట్టాల్సివస్తే ప్రభుత్వ సంస్థల నుంచి మొదలుపెట్టండి. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, బెంగళూరులో కర్ణాటక ప్రభుత్వ టూల్ రూమ్ శిక్షణ కేంద్రం జీటీటీసీ, తిరుచ్చిలో బీహెచ్ఈఎల్ వెల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ స్వల్పకాలిక కోర్సులు నడుపుతాయి. ఏది ఎప్పుడు, ఎంత ఫీజు, ఎస్సీ, ఎస్టీలకు రాయితీ ఉందా అన్నది ఫోన్ చేసి కనుక్కోండి. ఈవీ అంటే ఏమిటో తెలుసుకోవాలన్న ఉత్సాహం మాత్రమే అయితే ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు, అది కూడా వెయ్యి రూపాయల దగ్గరే. పాఠం ఇంగ్లీషులో ఉంటుంది, కొంచెం కష్టపడాలి.

అయినా మీవాడి మనసు కార్ల రిపేరు మీదే ఉంటే? ఐటీఐ డీజిల్ మెకానిక్ ఉండనే ఉంది, నేరుగా ఏదైనా పెద్ద కంపెనీ డీలర్ వర్క్‌షాప్‌లో ట్రైనీగా అడగమనండి. తమ డీలర్ల టెక్నీషియన్లకు ఈవీ శిక్షణ కార్ల కంపెనీలే ఇస్తాయి, ఇవ్వకపోతే ఆ బళ్లను ముట్టుకునేవాళ్లు ఉండరు. లోపలికి వెళ్తే ఉచితంగా వచ్చేదాన్ని బయట 85 వేలకు కొనడం ఎందుకు?

ఇవన్నీ విన్నాక కూడా బెంగళూరు కోర్సే కావాలంటే, డబ్బు కట్టేముందు ఒకరోజు అక్కడికి వెళ్లి ల్యాబ్ చూసిరండి. నిజమైన ఎలక్ట్రిక్ కారు ఉందా, బోర్డు మీద బిగించిన స్కూటర్ భాగాలేనా? చాలా ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీ 300 వోల్టుల పైమాటే, ప్రాణం తీసే కరెంటు అది. వెయ్యి వోల్టులకు తగ్గ రబ్బరు గ్లౌజులు, ఇన్సులేషన్ టెస్టర్ ఉన్నాయా? ఆ కరెంటు పారే నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లేముందు సర్వీస్ ప్లగ్ (బ్యాటరీ కరెంటును తెంచే ప్లగ్) తీసి కరెంటు లేదని నిర్ధారించుకునే పని ప్రతి విద్యార్థి చేత చేయిస్తారా, సారు చేస్తుంటే చూడటమేనా? సర్టిఫికెట్ మీద ఎన్‌సీవీఈటీ (వృత్తి శిక్షణను నియంత్రించే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉందా? ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అన్నది ఒప్పంద పత్రంలో ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’గా మారిందేమో చదవండి. అసిస్టెన్స్ అంటే నాలుగు ఇంటర్వ్యూల మెసేజీలు పంపడం. పోయిన బ్యాచ్‌లో ముగ్గురి నంబర్లు అడిగి తీసుకుని, వాళ్లతో మీరే మాట్లాడండి.

యాప్ ఈఎంఐ మాత్రం వద్దే వద్దు. ఆ అప్పు మీ అబ్బాయికీ ఫైనాన్స్ కంపెనీకీ మధ్య ఉంటుంది. ఇన్‌స్టిట్యూట్ మూసేసినా, కోర్సు నచ్చక వచ్చేసినా వాయిదా ఆగదు, సిబిల్ చెడుతుంది. ఒకవేళ ఇప్పటికే ఫోన్లో ఏదైనా నొక్కేసి ఉంటే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ (అప్పు షరతులన్నీ ఉండే కాగితం) అడగండి, రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అది ఇవ్వాలి. కూలింగ్ ఆఫ్ గడువు (అప్పు వద్దనుకునేందుకు ఇచ్చే వ్యవధి) దాటకపోతే అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడొచ్చు. నిజంగా అప్పు తప్పకపోతే బ్యాంకులో స్కిల్ లోన్ అడగండి. 2024లో దాని పరిమితిని లక్షన్నర నుంచి ఏడున్నర లక్షలకు పెంచారు. మేనేజరు తెలియదంటే స్కిల్ ఇండియా డిజిటల్ పోర్టల్‌లో కోర్సు ఉన్న పేజీ చూపించండి. అది కుదరకపోతే అప్పుడు నగల మీద అప్పు, యాప్ అప్పు కన్నా అదే నయం. పీఎఫ్ జోలికి మాత్రం పోవద్దు.

చివరగా, కంపెనీ శిక్షణకు పంపుతామంటే బాండు రాయమనొచ్చు. బాండు చెల్లదులే అని స్నేహితులు చెప్పే మాటలు నమ్మొద్దు. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో మూడేళ్లు పనిచేయాలి, లేకపోతే 2 లక్షలు కట్టాలి అన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. కోర్సు ఖరీదెంతో కాగితం మీద రాయించుకోండి. ముందే మానేస్తే కట్టాల్సిన మొత్తం నెలనెలా తగ్గేలా ఉండాలి. కాంట్రాక్టరు తనంతట తాను తీసేస్తే కట్టనక్కర్లేదన్న వాక్యం తప్పకుండా ఉండాలి. పది రోజుల శిక్షణకు ఏడాది వరకు ఒప్పుకోవచ్చు, మూడేళ్లంటే సంతకం పెట్టొద్దనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకుంటామంటే అసలు ఇవ్వొద్దు, జిరాక్సులు చాలు.