వైర్‌లెస్ హెడ్‌ఫోన్‌కు పవర్ బటన్ ఉండాల్సిందేనా?

కడప షాపుల్లో పవర్ బటన్ లేని మోడళ్లు చూపిస్తున్నారు, కొనొచ్చా అన్నది ప్రశ్న. చెవిలో పెట్టుకునే బడ్స్‌కైతే బటన్ అక్కర్లేదు. వాటి ఛార్జింగ్ డబ్బాలో పెట్టి మూత వేస్తే అవే ఆగిపోతాయి. మూత వేసినా ఫోన్‌లో కనెక్ట్ అయ్యే ఉన్నాయంటే, ఎక్కువసార్లు కారణం ఛార్జింగ్ పిన్నుల మీద పేరుకున్న చెమట, గులిమి. పొడి దూది పుల్లతో తుడిస్తే సరి.

తలమీద పెట్టుకునే పెద్దవాటి సంగతి వేరు. వాటికిచ్చే డబ్బా చాలావరకు ఉత్త సంచే, అది దేన్నీ ఆపదు. బటన్ లేకుంటే, కాసేపు వాడకపోతే దానంతటదే ఆగే ఆటో ఆఫ్ మీదే ఆధారపడాలి. కొన్నిట్లో ఫోన్‌కు కనెక్ట్ అయి ఉన్నంతసేపు ఆ టైమర్ మొదలే కాదు. రాత్రి ఫోన్ పక్కన వదిలేస్తే, పొద్దున అనంతపురం బస్సెక్కేసరికి ఛార్జింగ్ బాగా తగ్గి ఉండొచ్చు.

ఇంకోటి, హ్యాంగయితే బటన్‌ను 10-15 సెకన్లు నొక్కిపట్టి రీసెట్ చేసే వీలు చాలా మోడళ్లలో ఉంది. బటన్ లేనిదాన్ని చాలాసార్లు ఛార్జర్‌కు పెట్టి చూడాలి, లేదా బ్యాటరీ అయిపోయేదాకా ఆగాలి.

పెద్దదానికి జరిపే స్విచ్ దొరికితే మరీ మేలు. ఆన్‌లో ఉందో లేదో తడిమితే చాలు తెలిసిపోతుంది, సంచిలో ఒత్తిడికి దానంతటది ఆన్ కావడమూ అరుదు.